తుంటి ఎముక విరిగిన పెద్దవారిని కాపాడుకోవడం ఎలా?

తుంటి ఎముక విరిగాక చనిపోయే ముప్పు చదువు తక్కువగా ఉన్న వృద్ధులలోనే ఎక్కువని నార్వేలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. చదువు ఎముకను అతికించదు గానీ, ఏ లక్షణానికి భయపడాలో తెలియజేస్తుంది. దేవరకొండ తండాలో అక్షరం రాని అవ్వకు ఆ తెలివిడిని ఇంటివారే అందించాలి.

వాకిట్లో జారిపడిన అవ్వ కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే, నిలబెట్టకుండా, పసరుకట్టు కోసం రోజులు పోగొట్టకుండా 108కి ఫోన్ చేసి, వీలైతే 48 గంటలలోపే ఆపరేషన్ జరిగేలా నల్లగొండ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ఆరోగ్యశ్రీ గురించి అక్కడే అడగండి.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీని బడికెళ్లే మనవరాలితో అవ్వ ముందే బిగ్గరగా చదివించి, పొద్దుటి మాత్రలను, రాత్రి మాత్రలను వేరువేరు డబ్బాలలో పెట్టించండి. పిక్క వాచినా, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు.