పుట్టిన ఊరికి తిరిగి వచ్చి ఇంగ్లీషు నేర్పాలనుకునేవారికి

చిన్నతనంలోనే తల్లిదండ్రుల వెంట అమెరికా వెళ్లి, అక్కడే చదువుకుని, అక్కడి పౌరసత్వం తీసుకున్నవారిలో కొందరికి, ఒకటి రెండేళ్లు గుంటూరులోనో వరంగల్‌లోనో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ గడపాలన్న కోరిక ఉంటుంది. ఇలాంటివారు సాధారణంగా ముందు ఉద్యోగం వెతుక్కుని, తర్వాత కాగితాల సంగతి ఆలోచిస్తారు. ఆ వరుసను తిరగేయడం మంచిది.

విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చి ఇక్కడ జీతానికి పనిచేయాలంటే ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి. దానికి ఏడాదికి 16.25 లక్షల రూపాయల కనీస వేతనం ఉండాలన్న నిబంధన ఉంది. ఇతర భాషలు నేర్పేవారికి ఇందులో మినహాయింపు ఇచ్చారు గాని, ఇంగ్లీషు ఉపాధ్యాయులకు ఇవ్వలేదు. మన పట్టణాల్లోని స్పోకెన్ ఇంగ్లీష్ సంస్థ ఏదీ ఆ స్థాయి జీతం ఇవ్వదు కనుక, ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇక్కడ పుట్టినవారికి ఉన్న అసలైన వెసులుబాటు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు; విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత మూలాలవారికి ఇచ్చేది ఇది. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ఈ పథకాన్ని ప్రారంభించారు. కార్డు చేతికి వస్తే జీవితకాలం వీసా అక్కరలేదు, ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు. అయితే ప్రభుత్వోద్యోగం మీద హక్కు ఉండదు కాబట్టి డీఎస్సీ మీద ఆశ పెట్టుకోవద్దు. పరిశోధన, జర్నలిజం, మతప్రచారం వంటి పనులకు 2021 నుంచి ప్రత్యేక అనుమతి తప్పనిసరి. కాబట్టి ఏదైనా స్వచ్ఛంద సంస్థ బడిలో చేరేటప్పుడు, పాఠాలతో పాటు ఇంకేం చేయమంటారో ముందే అడిగి తెలుసుకోండి.

ఓసీఐ దరఖాస్తులో ఆలస్యం ఎక్కువగా పాత భారత పాస్‌పోర్టు దగ్గర జరుగుతుంది. విదేశీ పౌరసత్వం వచ్చాక దానిని అప్పగించి, అప్పగించినట్టు ధ్రువపత్రం తీసుకోవాలి; ఆరేళ్ల వయసులో వెళ్లినవారికి ఆ పాస్‌పోర్టు ఏ అట్టపెట్టెలో ఉందో అమ్మానాన్నలకే తెలియాలి. కాబట్టి టికెట్టు కొనకముందే ఇల్లంతా వెతికించండి.

ఇక పని ఎక్కడ దొరుకుతుంది? గుర్తింపు ఉన్న పాఠశాలలు బీఈడీ అడుగుతాయి. అది లేనివారికి స్పోకెన్ ఇంగ్లీష్ కేంద్రాలు, ఐఈఎల్‌టీఎస్ శిక్షణ సంస్థలు, కాలేజీల్లోని కమ్యూనికేషన్ స్కిల్స్ తరగతులు అందుబాటులో ఉంటాయి. ఇంగ్లీషు బోధనలో శిక్షణ ఇచ్చే కేంబ్రిడ్జ్ వారి సెల్టా కోర్సు చేసి వస్తే ఉపయోగం; దాదాపు 120 గంటల ఆ శిక్షణలో కనీసం ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పవలసి ఉంటుంది. ఇక్కడ ఇంటర్వ్యూ కన్నా డెమో క్లాసుకే విలువ ఎక్కువ. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమని యాజమాన్యం అడిగితే, ఎంత మర్యాదగా అడిగినా సరే, నకళ్లు మాత్రమే ఇవ్వండి.

విజయవాడలో అలాంటి ఒక డెమో క్లాసును నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. వచ్చినావిడ ఇరవై నిమిషాల పాటు చక్కటి అమెరికన్ యాసలో మాట్లాడితే, పిల్లలందరూ తలలూపారు గాని ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పుడావిడ బోర్డు మీద తెలుగులో, కాస్త వంకర అక్షరాలతో, ‘మీ నాన్నగారికి మీరు ఎన్నో సంతానం?’ అని రాసి, దీన్ని ఇంగ్లీషులో అడగమన్నారు. ఒకరు ‘హౌ మెనీ చైల్డ్’ అన్నారు, ఇంకొకరు ‘విచ్ నంబర్ సన్’ అన్నారు. ‘ఎన్నో’ అనే ఆ చిన్న మాటకు ఇంగ్లీషులో సరిపడే ఒక్క మాట లేదనీ, అక్కడివాళ్లు ‘ఆర్ యూ ద ఎల్డెస్ట్?’ అని వేరే దారిలో అడుగుతారనీ ఆవిడ చెప్పేసరికి తరగతి మేలుకుంది. ‘వెళ్లొస్తాను’ను ‘ఐ విల్ గో అండ్ కమ్’ అనకూడదా అని ఒక కుర్రాడు లేచి అడిగాడు.

ఇక్కడ పుట్టినవారికి ఉన్న బలం ఇదే. ఎగ్‌ను ‘యెగ్’ అనడం తెలుగులో పదం మొదట్లోని ఎకారం పలికే తీరు వల్ల వస్తుందనీ, బస్ ‘బస్సు’ కావడానికి మన మాటలు అచ్చుతో ముగియాలనుకోవడమే కారణమనీ మీకు తెలిస్తే, తప్పును వెక్కిరించకుండా సరిదిద్దగలరు. మీ తెలుగు తుప్పుపట్టి ఉంటే వచ్చే ముందే రోజుకో గంట చదవండి. యాసను మాత్రం అరువు తెచ్చిపెట్టకండి. విద్యార్థికి కావలసింది అర్థమయ్యే ఉచ్చారణ.

జీతం పుచ్చుకోవడానికి పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకోవాలి. ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కించే ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకు మించి ఇక్కడ ఉంటే, పన్ను విషయంలో మీరు సాధారణంగా ఇక్కడి నివాసి అవుతారు. అమెరికా పౌరులైతే అక్కడి రిటర్ను కూడా వేయాలి. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నింట్లోని మొత్తం ఏడాదిలో ఏ రోజున అయినా 10,000 డాలర్లు దాటితే ఆ వివరాలు అమెరికా ప్రభుత్వానికి విడిగా తెలపాలి. తాతగారు మీ పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.