జిప్సం బోర్డు గోడకు బరువైన చెక్క షెల్ఫ్ బిగించడం ఎలా?

బెంగళూరు ఫ్లాట్లలో పెద్ద గదిని రెండుగా చేయడానికి జిప్సం బోర్డుతో గోడ కట్టడం మామూలే. ఇటుక గోడకు చేసినట్టు దీనికి ప్లాస్టిక్ ప్లగ్గులు దిగేసి బరువు వేలాడదీయకండి. బోర్డు మందం సాధారణంగా 12.5 మి.మీ., వెనకంతా బోలు. బరువు మోయాల్సింది లోపల నిలువుగా ఉండే జీఐ స్టడ్లే, అంటే జింకు పూత ఉన్న పల్చటి ఇనుప రేకు నిలువు పట్టీలే. 4 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న టేకు చెక్కే ఏడెనిమిది కిలోలు తూగుతుంది. పుస్తకాలు నింపితే ఇంకో 30 కిలోలు దాకా అవుతుంది. కింద పిల్లలు ఆడుకుంటారు కదా!

ముందు స్టడ్లు వెతకండి. గట్టి అయస్కాంతాన్ని గోడ మీద మెల్లగా జరిపితే, బోర్డును బిగించిన స్క్రూ ఉన్నచోట టక్కున అంటుకుంటుంది. అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. చుక్కలు నిలువు వరసలో వస్తే అదే స్టడ్. మనవైపు ఎక్కువగా రెండడుగులకొకటి ఉంటుంది. అమెరికా వీడియోల్లోని 16 అంగుళాల లెక్క ఇక్కడ పనికిరాదు. అనుమానముంటే సన్నటి బిట్‌తో చూడండి: తెల్లటి పొడి తర్వాత మెరిసే లోహపు రజను వస్తే స్టడ్ తగిలినట్టు, బిట్ చటుక్కున లోపలికి పోతే బోలు.

ఈ పరీక్షకైనా సరే, డ్రిల్ పెట్టేముందు ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్) ఆపేయండి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా రంధ్రాలు వద్దు, వైర్లు ఉంటాయి. డ్రిల్ మెషిన్‌లో హ్యామర్ మోడ్ ఆపాలి, లేకపోతే బోర్డు పెచ్చులూడుతుంది.

ఇప్పుడు 18 మి.మీ. ప్లైవుడ్, అడుగు ఎత్తున, షెల్ఫ్ అంత పొడవున కోయించండి. కనీసం రెండు స్టడ్ల మీదికి రావాలి, మూడైతే మరీ మంచిది. దాన్ని గోడకు ఆనించి, రసమట్టం పెట్టి చూసి, 50 మి.మీ. సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు (మొన దానంతట అదే రేకును తొలుచుకుని దిగేవి) ఒక్కో స్టడ్‌కు మూడు చొప్పున బిగించండి. ఇవి ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో అడగొచ్చు. స్క్రూ పట్టుకున్నాక ఇంకా తిప్పొద్దు, పల్చటి రేకులో మర చెడిపోతుంది.

ఆ ప్లైవుడ్‌కు ఎల్ బ్రాకెట్లు, సరిగ్గా స్టడ్ల మీదికి వచ్చేలా, పొడుగు వైపు గోడకు ఆనేలా బిగించండి. షెల్ఫ్ ముందు అంచున బరువు పడితే బ్రాకెట్ పైభాగం గోడను లాగుతుంది. నిలువు కాలు పొడుగ్గా ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది.

స్టడ్ దొరకని చోట టోగుల్ బోల్టులు (బోర్డు వెనక రెక్కలు విచ్చుకుని పట్టుకునేవి) వాడొచ్చు కానీ, వాటిమీద ఫొటో ఫ్రేముల్లాంటి తేలికైనవే పెట్టండి.

అద్దె ఇల్లయితే ఓనరును అడిగాకే మొదలుపెట్టండి. బిగించాక మొదటి వారం సగం బరువే ఉంచండి. ప్లైవుడ్‌కూ గోడకూ మధ్య సందు కనిపిస్తే అన్నీ దించేసి స్క్రూలు స్టడ్‌లోకే దిగాయో లేదో చూడండి.