అప్లికేషన్లు వెళ్తున్నాయి, ఫోన్ మోగట్లేదు: లోపం ఎక్కడ?

హైదరాబాద్ ఐటీలో నాలుగైదేళ్లు చేసి ఇప్పుడు ఖాళీగా ఉన్నవాళ్ల కోసం ఇది. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. అనుభవజ్ఞులే పోటీకి వస్తున్న కాలంలో అప్లికేషన్ల సంఖ్య పెంచితే ఒరిగేది తక్కువ.

సమస్య: నౌకరీ సైట్‌లో రోజూ యాభై అప్లై చేసినా ఒక్క కాల్ లేదు.
కారణం: వచ్చిన కుప్పంతా రిక్రూటర్ చదవరు. స్కిల్, ఊరు, నోటీస్ పీరియడ్ పెట్టి వెతుకుతారు. మీరు బయటికొచ్చి నెలైనా ప్రొఫైల్‌లో నోటీస్ పీరియడ్ ఇంకా 90 రోజులనే ఉందేమో!
పరిష్కారం: అది మార్చండి. రెజ్యూమెలో రెండు కాలమ్‌లు, ఫొటో, స్కిల్స్‌కి చుక్కల రేటింగులు తీసేయండి. రెండు మూడు రోజులకోసారి ప్రొఫైల్‌లో చిన్న మార్పు చేయండి.

సమస్య: కంపెనీలో పనిచేసే తెలిసినవాళ్లను రెఫరల్ (లోపలినుంచి సిఫార్సు) అడిగితే "చూస్తా బ్రో" అంటారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు.
కారణం: మనం పంపేది "అన్నా, ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పు" అని. అంటే వెతికే పని కూడా ఆయన నెత్తిన పెట్టాం. పైగా చాలా కంపెనీల్లో మీరు ముందే సొంతంగా అప్లై చేసి ఉంటే సిస్టమ్ ఆ రెఫరల్‌ని తీసుకోదు.
పరిష్కారం: ముందు రెఫరల్, అది కుదరకపోతేనే అప్లై. మెసేజ్ ఇలా ఉండాలి: "అన్నా, మీ దగ్గర ఈ జాబ్ ఐడీ చూశా. జావా, స్ప్రింగ్ బూట్, ఐదేళ్లు. రెజ్యూమె పెట్టాను. ఇంకా అప్లై చేయలేదు." రెండు నిమిషాల పని. రెఫరల్ బోనస్ ఉంటే ఆయనకూ లాభమే, మొహమాటం ఎందుకు? ఇక ఎవరిని అడగాలంటే, పెళ్లిలో కలిసిన బాబాయి స్నేహితుడి కంటే పాత ప్రాజెక్టులో పక్క సీటు టెస్టర్ నయం. మీ పని ఆమె కళ్లారా చూసింది కదా.

సమస్య: కాల్స్ వస్తున్నాయి, మొదటి రౌండ్ దాటట్లేదు.
ఇది పరిచయాలు లేక వచ్చిన జబ్బు కాదు. అడిగిన ప్రశ్నలు అదే రాత్రి రాసుకోండి, ఐదు ఇంటర్వ్యూలకల్లా అవే తిరిగొస్తాయి.

సమస్య: "డబ్బు కడితే ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" అంటూ కన్సల్టెన్సీ ఫోన్లు.
కారణం: మీ గ్యాప్ మీద మీకున్న భయమే వాళ్ల వ్యాపారం. యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్)తో కంపెనీ పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తే ఏ కంపెనీలో ఎప్పటివరకు చేశారో తెలిసిపోతుంది. చేరాక ఆ దొంగ ఎక్స్‌పీరియన్స్ బయటపడితే ఆ ఉద్యోగమూ పోతుంది.
పరిష్కారం: ఫోన్ పెట్టేయండి. గ్యాప్ గురించి అడిగితే రెండు వాక్యాలు చాలు: ప్రాజెక్టు మూసేశారు, అప్పటినుంచి ఫలానాది నేర్చుకుని ఫలానాది కట్టాను. రెండోది మాత్రం చూపించగలిగేదై ఉండాలి.