నిశ్చితార్థం ఉంగరం ఎలా కొనాలి? ముందు వేలు కొలవండి

మా పుట్టింటి వైపు గానీ అత్తగారి వైపు గానీ ఎవరింట్లో మాటముచ్చట అయినా నాలుగు రోజుల్లో నాకు ఫోన్ వస్తుంది. "అత్తా, ఆదివారం ఖాళీగున్నవా? ఉంగరాలకు పోదాం." నల్లగొండ ప్రకాశం బజార్‌లో, మిర్యాలగూడలో, రెండుసార్లు మహబూబ్‌నగర్‌లో, అన్నీ కలిపి ఇరవై జతల దాకా కొనిపించాను. గొడవ వచ్చిన ప్రతిసారీ వేలి దగ్గరే వచ్చింది. స్టేజీ మీద ఫోటోగ్రాఫర్ "అన్నా, ఇటు చూడు, మెల్లగ తొడుగు" అంటుంటాడు. ఉంగరం కణుపు దగ్గర ఆగిపోతుంది. పెళ్లికొడుకు నెడుతుంటాడు, పెళ్లికూతురు నవ్వు ఆపుకుంటూ నొప్పి ఓర్చుకుంటుంది, వెనకనుంచి ఎవరో "సబ్బు తేండ్రి" అంటారు. నాలుగు ఫంక్షన్లలో చూశాను ఇది. అందుకే మిగతా సంగతులు చకచకా చెప్పేసి వేలి దగ్గర ఆగుతాను.

ఇంట్లో తేల్చుకోవాల్సినవి

మా వైపు అమ్మాయి ఉంగరం అబ్బాయివాళ్లు, అబ్బాయి ఉంగరం అమ్మాయివాళ్లు కొంటారు. ఎన్ని గ్రాములో రెండిళ్లవాళ్లూ ముందే అనుకోవాలి. ఒకరు అర తులం, ఇంకొకరు పావు తులం తెస్తే ఆ రోజు ఎవరూ ఏమీ అనరు. పదేళ్ల తర్వాత అంటారు. తులాల్లో కాకుండా గ్రాముల్లోనే మాట్లాడుకోండి. ఇప్పుడు కొట్లో తులం అంటే 10 గ్రాములు, మీ నాయనమ్మ లెక్కలో తులం అంటే 11.66 గ్రాములు.

ఏ చేతికి తొడుగుతారో కూడా అడగండి. కొన్ని ఇళ్లలో కుడి, కొన్ని ఇళ్లలో ఎడమ. ఎందుకు అడగాలో కింద చెప్తాను.

కనీసం పదిహేను రోజుల ముందు కొనాలి. ఆదివారం మాత్రం వద్దు. మాఘం, ఫాల్గుణంలో ఆదివారం కొట్లో నిలబడటానికి చోటుండదు. నేనైతే మంగళవారం మధ్యాహ్నం పోతాను. మంగళవారం బంగారం కొనకూడదని మా అత్తగారు అంటుంది. ఆ మాట నమ్మేవాళ్లు చాలామంది కాబట్టే ఆ రోజు కొట్టు ఖాళీగా ఉంటుంది, కౌంటర్‌లో పిల్లగాడు విసుక్కోకుండా యాభై ఉంగరాలు చూపిస్తాడు.

ఏ ఉంగరం

22 క్యారెట్ల పసుపు బంగారం, పైన ఒక్క రాయి లేదా రాయే లేని సాదా ఉంగరం. అంతే. వజ్రం పెట్టించుకుంటే మాత్రం 18 క్యారెట్లు తీసుకోండి. 22 క్యారెట్ల బంగారం మెత్తన, రాయిని పట్టుకున్న కొక్కేలు వంగిపోతాయి. కొట్టువాడు 18 క్యారెట్లు చూపిస్తే మోసం చేస్తున్నాడని కయ్యానికి దిగకండి. కాకపోతే 22 క్యారెట్ల రేటు వేయకుండా చూసుకోండి.

గుండె ఆకారం వద్దు, ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలు వద్దు, చుట్టూరా రాళ్లున్నది అసలే వద్దు. మొదటి రెండూ నాకు నచ్చవు కాబట్టి వద్దంటున్నానని మా మేనకోడలు అంటుంది, అననివ్వండి. మూడోదానికి కారణం ఉంది: చుట్టూ రాళ్లున్న ఉంగరాన్ని సైజు మార్చడానికి కోయలేరు. ప్లాటినం కూడా నేను వద్దనే అంటాను. రేపు సైజు మార్చాలంటే దాన్ని పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాలి.

4 గ్రాములకు తగ్గొద్దు. సన్నటివి వంగిపోతాయి. పైగా 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ (బంగారం స్వచ్ఛతను పరీక్షించి వేసే ప్రభుత్వ గుర్తు) తప్పనిసరి కాదు.

రాయి వజ్రమా, ల్యాబ్‌లో తయారైన వజ్రమా, వజ్రంలా మెరిసే సీజడ్ (క్యూబిక్ జిర్కోనియా) రాయా అన్నది బిల్లులో రాయించుకోండి. ల్యాబ్‌ది కూడా వజ్రమే గానీ ధర చాలా తక్కువ. సీజడ్ వజ్రం కానే కాదు. ఇంకొక తికమక: బంగారంలో క్యారెట్ అంటే స్వచ్ఛత, వజ్రంలో క్యారెట్ అంటే బరువు. వజ్రం ఒక క్యారెట్ 0.2 గ్రాములు, దాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు.

వేలు కొలవడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

మన దగ్గర ఉంగరాల నెంబరు వెనక లెక్క చాలా సులువు. ఉంగరం లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో ఎంతో చూసి, అందులోంచి 40 తీసేస్తే మిగిలేదే నెంబరు. 52 మిల్లీమీటర్లుంటే 12 నెంబరు, 53 ఉంటే 13. అంటే నెంబరుకూ నెంబరుకూ మధ్య తేడా ఒక్క మిల్లీమీటరు. ఏటీఎం కార్డు మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్తలోనే ఉంగరం జారడమా, ఇరుక్కోవడమా తేలిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో చేసే పని చూడండి. అమ్మాయి నిద్రపోతుంటే వాళ్ల చెల్లితో వేలికి దారం చుట్టించి, ముడేసి, ఆ దారాన్ని కాగితంలో మడిచి పంపిస్తారు. దారం సాగుతుంది. బిగించి చుడితే రెండు మిల్లీమీటర్లు ఇటు, వదులుగా చుడితే రెండు మిల్లీమీటర్లు అటు. అక్కడే నాలుగు నెంబర్ల తేడా వచ్చేసింది. పైగా దారం వేలి మొదట్లో చుడతారు. ఉంగరం ఆగేది మొదట్లో కాదు, కణుపు దగ్గర.

కణుపు సంగతి మన జిల్లాల్లో మరీ ముఖ్యం. డిగ్రీ చదువుతూనే సెలవుల్లో పత్తి ఏరిన పిల్లలు, నాట్లకు పోయిన పిల్లలు మన దగ్గర ఎందరో. వాళ్ల వేళ్లు సన్నగానే ఉంటాయి, కణుపులు గట్టిగా, వెడల్పుగా ఉంటాయి. మా చిన్నన్న కోడలికి వేలి మొదట్లో 12 సరిపోతుంది, కణుపు మాత్రం 14 అయితేగానీ దాటదు. ఇలాంటప్పుడు కణుపు దాటే వాటిలో అన్నిటికంటే చిన్న నెంబరు తీసుకోవాలి. లోపలికి పోయాక అది వదులుగా తిరుగుతుంటే, అడుగుభాగాన లోపలివైపు రెండు చిన్న బంగారు గుండ్లు అతికించమని అడగండి. అవి వేలిని పట్టుకుంటాయి, రాయి పక్కకు తిరగదు. చాలా కొట్లవాళ్లు తమంతట తాము చెప్పరు, అడిగితే చేస్తారు.

రెండో పొరపాటు పాత ఉంగరం పట్టుకుపోవడం. మా అన్న కొడుకు అమ్మాయికి తెలియకుండా కొనాలని, వాళ్ల అక్కతో ఆమె ఉంగరం ఒకటి తెప్పించాడు. తీరా అది నడిమి వేలిది. స్టేజీ మీద తొడిగిన ఉంగరం అక్షింతల పళ్లెంలో పడింది, బియ్యంలో వెతకడానికి ముగ్గురం వంగాం. మాటముచ్చట అయి, ఇంత పెద్ద ఫంక్షన్ హాలు బుక్ చేశాక ఇంకా ఈ దాపరికం ఎందుకో నాకు అర్థం కాదు. పిల్లను పిలుచుకుపొండి. వాళ్లమ్మనూ పిలవండి. డిజైన్ మీరు ఎంచుకోండి, వేలు మాత్రం ఆమెదే ఉండాలి.

కొట్లో ఒక రింగులో గుచ్చిన సైజు ఉంగరాల గుత్తి ఉంటుంది, ఒక్కో దాని మీద నెంబరు. అది ఇమ్మనండి. వచ్చీరాగానే తొడగొద్దు. బస్టాండ్ నుంచి ఎండలో నడిచి వచ్చినవాళ్ల వేళ్లు ఉబ్బి ఉంటాయి. ఫ్యాన్ కింద పావుగంట కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు మొదలుపెట్టండి. చలికాలం పొద్దున్నే పోతే దీనికి ఉల్టా: వేళ్లు ముడుచుకుని సన్నబడతాయి. మాఘమాసం పొద్దున కొలిచి కొన్న ఉంగరం వైశాఖంలో, పెళ్లినాటి ఎండలో, రాకుండా కూర్చుంటుంది. నల్లగొండ ఎండ సంగతి నేను వేరే చెప్పాలా? నేనైతే మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య ఒకసారి, వీలైతే ఇంకోరోజు ఇంకోసారి కొలిపిస్తాను.

తొడిగే చేయే కొలవాలి. పనిచేసే చేతి వేలు రెండోదానికంటే అర నెంబరో ఒక నెంబరో ఎక్కువుంటుంది. ముందే చేయి సంగతి అడగమన్నది ఇందుకే.

ఇంకొకటి. గుత్తిలో ఉంగరాలు సన్నగా ఉంటాయి. మీరు కొనేది వెడల్పుగా ఉంటే అదే నెంబరు బిగుతుగా తగులుతుంది. మగవాళ్ల వెడల్పాటి ఉంగరాలకు నేను ఒక నెంబరు ఎక్కువే చెప్తాను.

సరిపోయిందో లేదో ఇలా చూడండి. కణుపు దగ్గర కొద్దిగా ఆగి, కాస్త తిప్పితే లోపలికి పోవాలి. పిడికిలి బిగిస్తే రెండు పక్కలా చర్మం పొంగకూడదు. చేయి కిందికి వేలాడేసి గట్టిగా విదిలిస్తే జారకూడదు. తీసేటప్పుడు తిప్పితేనే రావాలి. "పర్లేదత్తా, అలవాటైతది" అని పిల్ల అంటే నమ్మొద్దు. కొట్లో సిగ్గుపడి అట్లనే అంటారు. చేయి మీ చేతిలోకి తీసుకుని మీరే తిప్పి చూడండి.

అబ్బాయి దూరంలో ఉంటే ఏం చేయాలి? మా చిన్నాడపడుచు కూతురికి అమెరికా సంబంధం కుదిరింది. సైజు అడిగితే అబ్బాయి వాట్సాప్‌లో "10" అని పంపాడు. మా మరిది అదే కొట్లో చెప్పాడు. "పది అంటే ఆడోళ్ల సైజు గదా సార్" అని కౌంటర్‌లో పిల్లగాడు అన్నాడట. "అబ్బాయే రాసి పంపిండు" అని ఈయన గట్టిగా నిలబడ్డాడు. అమెరికా 10 అంటే మన 22. మన 10 అంటే లోపల 50 మిల్లీమీటర్లు, ఆయనకు కావాల్సింది 62. నిశ్చితార్థానికి ముందురోజు సాయంత్రం వేసి చూస్తే ఉంగరం గోరు కిందనే ఆగింది. పన్నెండు నెంబర్లు పెంచడం అయ్యే పని కాదు, తెల్లారితే ముహూర్తం. స్టేజీ మీద అబ్బాయి మేనమామ ఉంగరంతో కానిచ్చారు. తర్వాత మార్చుకుంటే తరుగు (నగ చేయడంలో పోయే బంగారానికి వేసే) డబ్బులు పోయాయి.

కాబట్టి దూరం వాళ్లను నెంబరు అడగొద్దు, మిల్లీమీటర్లు అడగండి. ఆ వేలికి సరిగ్గా పట్టే ఉంగరం ఉంటే, లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచు వరకు స్కేలుతో కొలిచి చెప్పమనండి. దాన్ని 3.14తో గుణించి 40 తీసేయండి. 16.5 వస్తే 51.8 అవుతుంది, అంటే 12 నెంబరు. ఉంగరం లేకపోతే, కొనబోయే ఉంగరం వెడల్పున కాగితం పట్టీ కత్తిరించి, కణుపు దాటేలా చుట్టి, గుర్తు పెట్టి స్కేలు మీద పరచాలి. ఇది చుట్టుకొలతే కాబట్టి గుణించే పని లేదు, 40 తీసేస్తే చాలు. మూడుసార్లు కొలవమనండి. మూడుసార్లూ ఒకటే రాకపోతే పెద్దదే తీసుకోండి. సాదా ఉంగరాన్ని తగ్గించడం సులువు, కొద్దిగా కోసి అతికిస్తారు. పెంచాలంటే బంగారం కలపాలి, ఖర్చు. ఏది చేసినా కోత హాల్‌మార్క్ గుర్తుల మీద పడకుండా చూడమని ముందే చెప్పండి.

మన ఊళ్లోనే కొనమని నేను పోరు పెట్టేది ఇందుకే. అబిడ్స్‌లోనో సోమాజిగూడలోనో డిజైన్లు ఎక్కువుంటాయి, కాదనను. వంద కిలోమీటర్ల అవతల కొన్న ఉంగరం బిగుతైతే సగం రోజు బస్సులోనే పోతుంది. ఇక్కడైతే పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకుంటాం. అంతకంటే బాగుండేది తెలిసిన అవుసలాయనతో, అంటే కంసాలితో, చేయించుకోవడం. ఆయన వేలు పట్టుకుని చూసి నెంబరు చెప్పేస్తాడు. అయితే హాల్‌మార్క్ వేయించి ఇస్తానంటేనే చేయించండి.

గుర్తులు, బిల్లు

ఉంగరం లోపలివైపు మూడు గుర్తులుండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణం గుర్తు, స్వచ్ఛత (22 క్యారెట్లకు 916, 18కి 750), అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఇచ్చే నెంబరు. ఇది లేకుండా అమ్మడం 2023 ఏప్రిల్ 1 నుంచి కుదరదు. కొట్లోనే భూతద్దం అడిగి చదివి, ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. స్వచ్ఛతతో పాటు అది ఏ నగో కూడా చూపిస్తుంది. మీ చేతిలో ఉంగరం ఉంటే అక్కడ గొలుసు అని వచ్చిందా, లేచి వచ్చేయండి.

లెక్క తేలికగా ఉండటానికి గ్రాము పదివేలు అనుకుందాం. 4 గ్రాములకు 40,000. తరుగు 12 శాతం అంటే 4,800. మొత్తం 44,800 మీద జీఎస్టీ 3 శాతం, 1,344. అంటే 46,144, పైన హాల్‌మార్క్ ఫీజు కొద్దిగా. బేరం ఆడాల్సింది తరుగు దగ్గరే, బంగారం రేటు దగ్గర ఆడి లాభం లేదు. కొందరు తరుగూ మజూరీ (చేసిన కూలి) రెండూ వేస్తారు, రెండూ కలిపి ఎంతో ఒకే అంకెలో చెప్పమనండి. రాయి ఉంటే దాని బరువు తీసేసి మిగిలిన బరువుకే బంగారం రేటు కట్టాలి. ఒక జత రెండు లక్షలు దాటితే పాన్ కార్డు తీసుకుపోండి, అంత డబ్బు నగదుగా ఇవ్వడం కుదరదు.

సైజు మార్పు ఎన్నాళ్ల వరకు ఉచితమో బిల్లు వెనకాల రాయించుకోండి. నోటితో చెప్పింది చెల్లదు, ఆ పిల్లగాడు వచ్చే నెలకు ఇంకో కొట్లో ఉంటాడు.

ఆ రోజు

ముందురోజు సాయంత్రం ఇద్దరికీ ఒకసారి తొడిగి చూడండి, శకునం అంటూ ఎవరైనా ఆపితే నా పేరు చెప్పండి. గోరింటాకు పెట్టుకున్నాక కాదు, ముందే. పెట్టె పెళ్లికొడుకు జేబులో పెట్టొద్దు, వాళ్లమ్మ సంచిలోనూ వద్దు, ఆమెను ఆ రోజు వందమంది పిలుస్తుంటారు. పనిలేని మేనత్త ఎవరైనా ఉంటే ఆమె కొంగున కట్టండి. మా ఇళ్లలో ఆ మేనత్త నేనే.