దేవాంగ పిల్లి ఫోటో కావాలంటే మొదటి రెండు రాత్రులు కెమెరా ఇంట్లోనే

బెంగళూరులో దేవాంగ పిల్లులున్నాయంటే మనోళ్ళు చాలామంది నమ్మరు. పేరుకే పిల్లి, నిజానికిది స్లెండర్ లోరిస్, కోతులకి దూరపు చుట్టం. కన్నడంలో కాడు పాప అంటారు, ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) క్యాంపస్ లాంటి పాత చెట్లున్న చోట్ల ఇంకా బతుకుతున్నాయి, పావు కిలో అటూఇటూ ఉంటుంది, పగలంతా పడుకుని చీకటి పడ్డాక పురుగుల వేటకి బయల్దేరుతుంది. క్యాంపస్ లోపలికైతే పర్మిషన్ ముందే తీసుకోండి, రాత్రిపూట సెక్యూరిటీతో వాదన పెట్టుకుంటే ఆ రోజు గోవిందా.

తెల్ల లైటు అస్సలొద్దు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి. దాన్ని నడుం దగ్గర పట్టుకుంటే ఏమీ కనబడదు, మీ కంటి పక్కనే పెట్టి కొమ్మల మీద మెల్లగా తిప్పాలి, అప్పుడే దాని కళ్ళలో పడ్డ వెలుగు తిరిగి మీ కంట్లోకి వస్తుంది, నిప్పు కణికల్లా రెండు చుక్కలు పక్కపక్కనే.

కనబడగానే చెట్టు కిందకి పరిగెత్తకండి, అది కొయ్యబారిపోతుంది, ఇక మీకు ఓపికుంటే దానికి అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఇది కోతిలా దూకదు, తోక కూడా లేదు, కొమ్మలు పట్టుకుని నడవాల్సిందే. అంటే పక్క చెట్టుకి తగిలే కొమ్మే దాని రోడ్డు. మొదటి రెండు రాత్రులు ఉత్తి టార్చితో వెళ్ళి ఆ రోడ్డేదో చూసుకోండి, మూడో రోజు కెమెరాతో ముందే అక్కడికెళ్ళి, కాస్త దూరంగా, కదలకుండా కూర్చోండి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా మర్చిపోవద్దు, దోమలు మామూలుగా ఉండవు.

ఎర్ర లైటులో ఆటోఫోకస్ తడుముకుంటుంది, మాన్యువల్ పెట్టి స్క్రీన్ జూమ్ చేసి కంటి మీద ఫోకస్ చెయ్యండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు) 3200 నుంచి 6400. ఎలాగూ నెమ్మదిగా కదులుతుంది కదా అని నేను షటర్ స్పీడు 1/60 సెకను పెట్టా, నాలుగో రాత్రి అది ఒక చెయ్యి కొమ్మ వదిలి అలాగే గాల్లో ఆపింది, అచ్చం పసిపిల్ల చెయ్యి, టక్కున పురుగుని పట్టి నోట్లో పెట్టుకుని తాపీగా నమిలింది, నా ఫ్రేములో మొహం బాగానే ఉంది, చెయ్యి మాత్రం ఉత్త మసక. 1/250 పెట్టుకోండి. రా (RAW) ఫార్మాట్‌లో తీసి, తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేసేస్తే ఎరుపు గొడవ పోతుంది.

ఇంకోటి, మా బావమరిదిలాంటోళ్ళని తీసుకెళ్ళకండి, ఫ్లాష్ కొట్టాడు మహానుభావుడు, అది మొహం తిప్పుకుని కాండం వెనక్కి పోయింది, పదకొండు దాకా కూర్చున్నా రాలేదు.

పోస్ట్ చేసేటప్పుడు లొకేషన్ తీసెయ్యండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువే అయినా, అంటే గట్టి రక్షణ ఉన్నదే అయినా, చేతబడి పేరుతో పట్టుకుపోయేవాళ్ళున్నారు. ఏ ఏరియా అని ఎవరైనా అడిగితే బెంగళూరు అంటే చాలు.