వానలు మొదలయ్యేలోపే పిట్టల ఫీడర్ సంగతి చూసుకోండి

ఎండలు కాసినన్నాళ్లూ గింజలు పొడిగా ఉంటాయి కాబట్టి పెరట్లో పిట్టలకు మేత పెట్టడం తేలికే. తేడా వచ్చేది వానలు పడ్డాకే. పైపైన గింజలు బాగానే కనిపిస్తాయి, పిట్టలూ వస్తూనే ఉంటాయి, కానీ ఫీడర్ అడుగున ఒక పుల్లతో గీరి చూడండి, గింజలన్నీ ముద్దకట్టి, ముక్కిపోయిన వాసనతో, పచ్చగానో నల్లగానో బూజు పట్టి ఊడివస్తాయి. కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వేరుశెనగలకు ఈ ముప్పు మరీ ఎక్కువ, పైగా కడిగి ఎండబెట్టినంత మాత్రాన ఆ విషం పోదు. ముద్దకట్టినవి ఎన్ని ఉన్నా పారేయండి, ఇందులో మొహమాటపడొద్దు. ఏ రోజుకారోజు తినేసేంతే వేయండి, ఫీడర్ మీద వాన పడకుండా కప్పు, అడుగున నీళ్లు కారిపోయే చిల్లులు ఉండేలా చూసుకోండి. కింద రాలినవి సాయంత్రానికల్లా ఊడ్చేయాలి, లేకపోతే ఎలుకలు మరుగుతాయి.

బూజు కన్నా పెద్ద టెన్షన్ రోగాలది. ఎక్కడెక్కడో విడివిడిగా తిరిగే పిట్టల్ని ఒక్కచోటికి రప్పిస్తున్నది మనమే, ఒకటి రెట్ట వేసిన చోటే ఇంకోటి తింటుంది, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకునేది అలాగే. బ్రిటన్‌లో 2005 నుంచి ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి గ్రీన్‌ఫించ్ పిట్టల్ని సగానికి పైగా తగ్గించేసింది, అది ఎంగిలి పడిన గింజలతో, నీళ్లతో ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. 2021లో అమెరికాలో పిట్టల సాల్మొనెల్లా మనుషులకూ సోకింది.

అందుకే వానాకాలంలో వారానికోసారి ఫీడర్ కడగాల్సిందే. ముందు సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి రెట్టంతా వదలగొట్టండి, తర్వాత ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నాననిచ్చి, వాసన పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. చాలామంది తొందరపడేది ఈ ఆరబెట్టే దగ్గరే, తడి మీద గింజలు పోస్తే కడిగిందంతా వృథా. ఇదంతా వంటింటి సింకులో మాత్రం చేయకండి. బ్రష్, గ్లౌజులు దీనికోసమే విడిగా పెట్టుకోండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

రోజూ కాసేపు పిట్టల్ని గమనించండి. జబ్బు చేసిన పిట్ట ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని ఫీడర్ అంచునే కూర్చుంటుంది, మిగతావన్నీ తుర్రుమన్నా అది కదలదు, ఒక్కోసారి మింగలేక ముక్కు చుట్టూ తడితడిగా మేత అంటుకుని ఉంటుంది. అలాంటిది ఒక్కటి కనిపించినా ఫీడర్, నీళ్ల గిన్నె తీసి, కడిగి, కనీసం రెండు వారాలు లోపల పెట్టేయండి. పాపం ఆకలితో ఉంటాయేమో అనిపిస్తుంది, నాకూ మనసొప్పదు, కానీ వాటికి బయట తిండి దొరుకుతుంది, గుంపు చెదిరిపోవడమే వాటికి మేలు. చచ్చిన పిట్టను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, పిల్లల్ని అసలే ముట్టుకోనివ్వద్దు. బర్డ్ ఫ్లూ ఉంది కాబట్టి ఒకేసారి నాలుగైదు పడి ఉంటే పశువైద్య శాఖకు చెప్పండి. ఇంట్లో కోళ్లుంటే వాటి మేత, నీళ్లు ఈ పిట్టలకు అందకూడదు.

నీళ్లు రెండంగుళాల లోతు మించకుండా పెట్టి రోజూ మార్చండి, దోమల బెడదా ఉండదు.

గాలివానకు పిల్లలు గూళ్లలోంచి కిందపడుతుంటాయి. ఒంటినిండా ఈకలొచ్చి గెంతుతున్న పిల్ల అయితే ఇంట్లోకి తేవొద్దు, తల్లి దగ్గర్లోనే ఉండి మేత పెడుతుంది. పిల్లిని లోపల కట్టడి చేసి, దూరం నుంచి చూస్తే చాలు. ఇంకా ఈకలు రానిదైతే, గూడు అందే ఎత్తులో ఉంటే మెల్లగా అందులోనే పెట్టేయండి, మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు.