బ్రేక్ డిస్కులు మార్చాలా? రోడ్డుకు, ట్రాక్‌కు సరైనవి ఎంచుకోవడం ఎలా

అలాయ్ వీల్ సందుల్లోంచి చిల్లుల డిస్కు మెరుస్తుంటే చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం; బ్రేక్ తొక్కితే ప్యాడ్లు దాన్ని రెండు వైపులా నొక్కి కారును ఆపుతాయి. ఆ రాపిడికి పుట్టే వేడిని మింగి గాలికి వదిలేయడమే దాని అసలు పని. అందుకే షాపుకు వెళ్లే ముందు ఒక్కటి తేల్చుకోండి: మీ డ్రైవింగ్ ఎంత వేడి పుట్టిస్తుంది, చల్లారడానికి ఎంత టైమిస్తుంది?

1. మీ వాడకం లెక్క వేసుకోండి

1,200 కిలోల కారు 60 కి.మీ. వేగం నుంచి ఆగితే సుమారు 167 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. 120 నుంచి ఆగితే 667. వేగం రెట్టింపయితే వేడి నాలుగింతలన్నమాట. అందులో 70 శాతం ముందు చక్రాలదే అనుకుందాం. ముందు డిస్కులు రెండూ కలిపి 10 కిలోలుంటే, ఆ ఒక్క బ్రేకుకే వాటి వేడి దాదాపు 100 డిగ్రీలు పెరుగుతుంది.

అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటకు వందసార్లు బ్రేక్ తొక్కినా వేగం తక్కువ కాబట్టి డిస్కుకు పెద్ద కష్టం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గట్టి బ్రేకు ఎప్పుడో ఒకటి పడుతుంది, తర్వాత చల్లారడానికి బోలెడు దూరం ఉంటుంది. ఫుల్ లోడుతో శ్రీశైలం ఘాట్ దిగడం కొంచెం బరువైన పనే, అయినా గేరు తగ్గించి దిగితే మంచి మామూలు డిస్కులు సరిపోతాయి. రేస్ ట్రాక్ సంగతి వేరు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ల్యాపు, అంటే ఒక చుట్టు, 3.7 కి.మీ.; ఒక బ్రేకు వేడి చల్లారకముందే ఇంకోటి పడుతుంది.

2. ఉన్న డిస్కును కొలవండి

డిస్కు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. 22 మి.మీ. డిస్కు మీద 20 అని ఉంటే, 20 కంటే తగ్గాక దాన్ని వాడకూడదు. అంచున తుప్పు గట్టు ఉంటుంది కాబట్టి మామూలు వెర్నియర్‌తో కొలిస్తే మందం ఎక్కువ చూపిస్తుంది. ప్యాడ్ రుద్దుకునే చోట మైక్రోమీటర్ పెట్టించండి.

స్టీరింగ్ వణుకుతోందని డిస్కు వంగిందనే నిర్ణయానికి రాకండి. చాలాసార్లు ప్యాడ్ పదార్థం డిస్కు మీద హెచ్చుతగ్గులుగా అంటుకోవడమో, డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పు పేరుకోవడమో అసలు కారణం. ఆ తుప్పు మీదే కొత్త డిస్కు బిగిస్తే కొన్నాళ్లకు అదే వణుకు మళ్లీ మొదలవుతుంది.

3. రకం ఎంచుకోండి

సిటీ, హైవే మాత్రమే అయితే కంపెనీ సైజులోనే మంచి ప్లెయిన్ డిస్కు తీసుకోండి. ముందు చక్రాలకు వెంటిలేటెడ్, అంటే రెండు పలకల మధ్య గాలి తిరిగేది ఉండాలి. హై కార్బన్ రకం దొరికితే ఇంకా మేలు. అందులో గ్రాఫైట్ ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పాకుతుంది, కీచుమనడమూ తగ్గుతుంది.

చిల్లులు మొదట్లో పాతకాలం ప్యాడ్లు కాలి వదిలే గ్యాసు పోవడానికి వచ్చాయి. ఇప్పటి ప్యాడ్లకు ఆ బెడద తక్కువ. వానలో కొంత లాభం ఉన్న మాట నిజమే. కానీ ప్రతి చిల్లుతో వేడి దాచుకునే ఇనుము కొంత పోతుంది, ట్రాక్ వేడికి పగుళ్లు మొదలయ్యేదీ ఆ చిల్లుల దగ్గరే. మామూలు డిస్కుకు డ్రిల్ వేసి అమ్మే చవక సరుకైతే పైన పటారం, లోన లొటారం. దాని జోలికి పోవద్దు.

ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలకు, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద తిప్పే రోజులకు, వెళ్లేవాళ్లకు నా ఓటు గాడులున్న స్లాటెడ్ డిస్కుకే. గాడులు ప్యాడ్ ముఖాన్ని గీకుతూ నునుపెక్కకుండా చూస్తాయి. బదులుగా ప్యాడ్లు కాస్త త్వరగా అరుగుతాయి, చిన్న శబ్దమూ ఉంటుంది. ఇక మధ్యలో అల్యూమినియం, చుట్టూ ఇనుప రింగు ఉండే టూ పీస్ డిస్కులు తేలికగా ఉంటాయి, వేడికి వ్యాకోచించే వీలుంటుంది, ధర మాత్రం ఎక్కువే. ట్రాక్ మీదే ఎక్కువ తిరిగే కారుకు తప్ప అవి దండగ.

పెద్ద సైజు డిస్కు మోజుంటే కాస్త ఆగండి. దానికి వేరే బ్రాకెట్, కొన్నిసార్లు ప్యాడ్లను నొక్కే కాలిపర్ కూడా వేరేది, పెద్ద వీల్ కావాలి. ముందు వెనక బ్రేకుల తూకం కూడా మారుతుంది.

4. ప్యాడ్లు, ఆయిల్ కూడా చూడండి

బడ్జెట్ తక్కువైతే ప్లెయిన్ డిస్కు కొని, మిగిలిన డబ్బు ప్యాడ్లకు, బ్రేక్ ఆయిల్‌కు పెట్టండి. ట్రాక్‌లో పెడల్ లోపలికి దిగిపోవడానికి తరచూ కారణం ఆయిల్ మరిగిపోవడమే. ప్రమాణం ప్రకారం డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకూ మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. పూర్తి ట్రాక్ ప్యాడ్లతో సిటీలో తిరగకండి, చల్లగా ఉన్నప్పుడు అవి సరిగ్గా పట్టవు.

5. కొనడం, బిగించడం

రాణీగంజ్ స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడిగేటప్పుడు కారు మోడల్ ఒక్కటే చెబితే చాలదు. తయారీ సంవత్సరం, వేరియంట్, డిస్కు వ్యాసం, మందం రాసుకుని వెళ్లండి. "అన్నా, ఇది ఒరిజినలే" అనే మాటకు బిల్లు అడగండి. రెండు వైపులా ఒకేసారి మార్చాలి.

లోపలి గాలి గోడలు వంపుగా ఉంటే ఎడమ, కుడి డిస్కులు వేరు. బిగించాక చూస్తే, డిస్కు పైభాగంలో ఆ గోడల బయటి కొస కారు వెనక వైపు వాలి ఉండాలి. పైనున్న గాడుల దిశ చూసి బిగించే మెకానిక్‌లున్నారు, పక్కనే నిలబడండి. హబ్‌ను వైర్ బ్రష్‌తో రుద్దించి, కొత్త డిస్కు మీది నూనె తుడిపించి, నట్లు టార్క్ రెంచ్‌తో (సరిపడా బిగువు చూపించే పానాతో) ఎదురెదురుగా బిగించమనండి.

6. సెట్ చేయడం, ట్రాక్‌లో చూసుకోవడం

కొత్త డిస్కుకు ప్యాడ్లు సరిగ్గా కుదురుకోవాలంటే, ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకుని, 60 నుంచి 20కి ఓ మోస్తరు బ్రేకుతో ఎనిమిది, పది సార్లు తగ్గించండి. పూర్తిగా ఆగకండి. తర్వాత బ్రేక్ ముట్టకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్చండి. ఔటర్ మీద మాత్రం ఈ పని వద్దు, వెనక లారీ ఉంటుంది.

ట్రాక్‌లో చివరి ల్యాపు నెమ్మదిగా తిప్పి రండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టండి. వేడి డిస్కు మీద నీళ్లు కొట్టొద్దు. చల్లారాక పైపైన సన్నటి వెంట్రుక గీతలుంటే ఫర్వాలేదు గానీ, పగులు గోరుకు తగిలినా, అంచు దాకా పాకినా ఆ డిస్కు పని అయిపోయినట్టే. చెన్నై నుంచి హైదరాబాద్‌కు 600 కిలోమీటర్లకు పైనే, అదీ అవే బ్రేకుల మీద. అందుకే డిక్కీలో ఒక సెట్ కొత్త ప్యాడ్లు వేసుకునే బయల్దేరండి.